అయితే అన్న ఒక్క మాట

(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం నాడు కాకినాడలోని ఒక గ్రంథాలయంలో యానాంకు చెందిన విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. మళ్ళీ మళ్ళీ వచ్చిన మాటలు కొన్ని తీసేశాం. మిగతాది ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి.

అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ "ఫ్రెంచి యానాం నుంచి వచ్చిన తెలుగు మాస్టారు" అన్నారు. నవ్వొచ్చింది నాకు. నాకు ఫ్రెంచి రాదండి. బొంజూర్, మెర్సీ అనే రెండు ముక్కలొచ్చు, అవి మీకూ వచ్చే ఉంటాయి. పొద్దున్న మా ఊళ్ళో బస్సెక్కి, తాళ్ళరేవు మీదుగా వచ్చి ఇక్కడ దిగాను. దారిలో ఎక్కడా భాష మారలేదు. కండక్టరు గారి తెలుగు, నా తెలుగు, మీ తెలుగు ఒకటే. ఆయ్ అంటే ఆయ్ అనే తెలుగే. అయినా ఇక్కడ దిగేసరికి నేను వేరే రాష్ట్రం మనిషినైపోయాను. రాష్ట్రం కూడా కాదులెండి, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం.

మీలో చాలామంది యానాం వచ్చే ఉంటారు. ఎందుకొస్తారో నేనడగను. (నవ్వులు) పెట్రోలు కోసమే అనుకుందాం.

ఈవేళ గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. ఆయన పేరు చెప్పగానే అందరికీ వ్యావహారిక భాష గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆయన సవర గిరిజనుల దగ్గర కూర్చుని సవర నేర్చుకోవడం గుర్తొస్తుంది. పర్లాకిమిడిలో బడిపంతులు. తన భాష కాదు, పుస్తకాలున్న భాష కాదు. దాన్ని నేర్చుకుని, ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పాలని తాపత్రయపడ్డాడు. ఇంట్లో మాట ఒకటి, బళ్ళో మాట ఒకటి, సర్కారు కాగితం మీద మాట ఇంకొకటి అయితే మనిషి ఏమైపోతాడన్నది ఆయన్ని పట్టిన ప్రశ్న. ఆ ప్రశ్న నేను పుట్టిన ఊళ్ళో ఇంటింటికీ ఉంది. అందుకని ఈవేళ మా ఊరి సంగతే చెబుతాను.

ముందు ఒక కాగితం చూపిస్తాను. వెనక ఉన్నవాళ్ళకు కనపడదు, ఫరవాలేదు, చదివి చెబుతాను. ఇది మా తాతగారి జనన పత్రం. నకలు తీయించి తెచ్చాను, అసలు ముట్టుకుంటే రాలిపోతోంది. మొత్తం ఫ్రెంచిలో ఉంది. సంవత్సరం అంకెల్లో ఉండదు, అక్షరాల్లో రాస్తారు. వెయ్యీ తొమ్మిది వందలా ఫలానా సంవత్సరం, ఫలానా నెల, ఫలానా తేదీ, పొద్దున్న ఇన్ని గంటలకు, మా ముందుకు ఫలానా మనిషి వచ్చి, తనకు మగబిడ్డ పుట్టాడని చెప్పి... ఇలా సాగుతుంది. చెప్పిన మనిషి మా ముత్తాత. ఆయనకు ఫ్రెంచి ముక్క రాదు. తెలుగులో చెప్పాడు, గుమాస్తా ఫ్రెంచిలో రాశాడు, చదివి వినిపించామనీ రాశాడు. ఏ భాషలో వినిపించాడో దేవుడికెరుక. కింద ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయి. ఆ రెండూ తెలుగులో ఉన్నాయి. ఒకాయన సంతకం చూడండి, వంకర టింకరగా, అక్షరం అక్షరం విడివిడిగా, చెమట పట్టి చేసినట్టుంది. కాగితం నిండా ఫ్రెంచి, అడుగున బెత్తెడు తెలుగు. మా ఊరి చరిత్రంతా ఈ కాగితంలోనే ఉందండి.

ఇప్పుడు అసలు కష్టం చెబుతాను. మా తాతగారి పేరు చివర రాజు అని వస్తుంది. పూర్తి పేరెందుకు, రాజు చాలు. తెల్లవాడి అక్షరాల్లో రాజు అని రాయమంటే మీరేం రాస్తారు? ఆర్, ఏ, జే, యూ. అంతేగా? కాని ఫ్రెంచివాడికి జే అంటే మన జ కాదు. అది నాలిక మెత్తగా చేసి పలికే వేరే శబ్దం. మన జ రావాలంటే ముందు డీ పెట్టి, తర్వాత జే పెట్టాలి. యూ ఒక్కటే రాస్తే వాడు మూతి సున్నాలా చుట్టి ఇంకేదో పలుకుతాడు. మన ఉ కావాలంటే ఓ, యూ రెండూ పెట్టాలి. దాంతో మా తాతగారు ఆర్, ఏ, డీ, జే, ఓ, యూ అయ్యారు. ఫ్రెంచివాడు చదివితే చక్కగా రాజూ అనే వస్తుంది. తప్పు లేదు.

చ రాయాలంటే టీ, సీ, హెచ్. నాయుడు అన్నా రాజులాగే చివర్న ఓ, యూ. రామసామిలాంటి పేర్లలో స ఒక్కటే వేస్తే రెండు అచ్చుల మధ్య దాన్ని జకి దగ్గరగా చదివేస్తారని రెండు ఎస్సులు వేసేవారు. ఎంత జాగ్రత్త చూడండి. మన పేరు మనలాగే పలకాలని వాళ్ళు పడిన పాట్లే అవన్నీ. దొర మంచివాడని అనట్లేదు, గుమాస్తా మంచివాడంటున్నాను. ఆ గుమాస్తా మనవాడే అయ్యుంటాడు.

1954 తర్వాత ఫ్రెంచి తగ్గి ఇంగ్లీషొచ్చింది. మా నాన్నగారి బడి సర్టిఫికెట్లో రాజు ఇంగ్లీషు పద్ధతిలో పడ్డాడు. తండ్రి పేరు చివర ఓ, యూ, కొడుకు పేరు చివర ఒక్క యూ. చాలా ఏళ్ళ తర్వాత ఇంటి స్థలం బదలాయింపు కోసం ఒక ఆఫీసుకు వెళ్ళాను. ఏ ఆఫీసో చెప్పను. అక్కడి కుర్రాడు కాగితం చూసి "రాడ్జౌ గారు ఎవరండీ?" అన్నాడు. మా తాతగారండి అన్నాను. "మరి మీ నాన్నగారు రాజు కదా, ఈయన రాడ్జౌ కదా, ఈయన కొడుకే ఆయనని రుజువేది?" అన్నాడు. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గాని, ఆ రుజువు తేవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఇద్దరు మనుషులు కారు, రెండు స్పెల్లింగులు అని అఫిడవిట్ వేశాను. మా తాత పేరు తెలుగులో ఒక్కలాగే ఉంది నాయనా, రెండు పరాయి భాషలు దాన్ని రెండు చేశాయి అని చెప్పాను. ఆ కుర్రాడు తెలుగువాడే. అర్థమైంది వాడికి. "అవునండీ, కాని తెలుగులో ఉన్న కాగితం ఒక్కటైనా లేదు కదండీ" అన్నాడు.

ఆ మాట నాలో దిగబడిపోయింది. ఊళ్ళో అందరూ తెలుగువాళ్ళే. మూడు తరాల కాగితాల్లో తెలుగు ముక్క ఒక్కటీ లేదు. సాక్షుల సంతకాలు తప్ప.

ఇక కొంచెం వెనక్కి వెళదాం. ఫ్రెంచివాళ్ళు యానాంలో దిగింది 1723లో. నాలుగేళ్ళకే వదిలేసి, 1731లో మళ్ళీ వచ్చారు. తర్వాత ఇంగ్లీషువాడు లాక్కోవడం, ఇవ్వడం, మళ్ళీ లాక్కోవడం. ఆ చదరంగం నేను చెప్పను, విసుగు. 19వ శతాబ్దం మొదట్లో చివరిసారి ఫ్రెంచివాళ్ళ చేతికొచ్చి, 1954 దాకా వాళ్ళ దగ్గరే ఉంది. గోదారి ఒడ్డున ఓ ముప్పై చదరపు కిలోమీటర్ల ముక్క. చుట్టూ నాలుగు వైపులా తూర్పు గోదావరి జిల్లా. ఇప్పుడంటే కాకినాడ, కోనసీమ అని విడదీశారు.

ఈ ఇన్నేళ్ళలో ఎంతమందికి ఫ్రెంచి వచ్చింది? కొందరికొచ్చింది. బడి, ఉద్యోగం, కోర్టు, చర్చి ఉన్నచోట వచ్చింది. 1846లో కట్టిన ప్రార్థనాలయాన్ని మా వాళ్ళు తెల్లదొరల గుడి అంటారు. గుడి అన్నారు చూడండి, వాళ్ళ దేవుడికి కూడా తెలుగు మాటే పెట్టారు. జనానికి మాత్రం ఫ్రెంచి రాలేదు. మా తాత మునిసిపాలిటీ అనేవాడు కాదు, మేరీ అనేవాడు. దొరని ముస్యే అనేవాడు. అలా ఓ పదిహేను ఇరవై మాటలు. అంతే ఆయన ఫ్రెంచి. ఒక వింత చెప్పనా? 1871 నుంచీ ఫ్రెంచి ఇండియా తరఫున పారిస్‌లో పార్లమెంటుకి ఒక ప్రతినిధి వెళ్ళేవాడు. అంటే కాకినాడలో ఉన్నవాడికి లండన్ పార్లమెంటుకి ఓటు లేని రోజుల్లో, పక్కనే యానాంలో ఫ్రెంచి రానివాడు పారిస్‌కి ఓటేశాడు. వాడికి హక్కు దొరికింది, భాష దొరకలేదు. మీకు ఆ రోజుల్లో హక్కు లేదు, మీ చుట్టూ భాష మాత్రం పుష్కలం.

భాష వల్ల మాకు పెద్ద తేడా రాలేదండి. తేడా వచ్చింది గీత వల్ల. సరిహద్దు గీత. 1929లో బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాల నిషేధానికి శారదా చట్టం వచ్చింది. యానాంలో అది చెల్లదు. ఇంకేముంది, చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళివారంతా పసిపిల్లల్ని బళ్ళమీదెక్కించుకుని యానాం వచ్చి మూడుముళ్ళూ వేయించుకుపోయారు. ఊరికి కళ్యాణపురం అని పేరే పడింది. మంగళవారం సంతకు విదేశీ సరుకు కోసం జనం విరగబడేవారు. ఆ జనమూ తెలుగే, అమ్మేవాడూ తెలుగే. సంతలో భాష ఒకటి. సుంకం రెండు. మా ఊరి ప్రత్యేకత అప్పటికీ ఇప్పటికీ అదే. ఇందాక పెట్రోలన్నాను కదా.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పుస్తకాల్లో ఏం రాస్తారంటే, మనిషి గుర్తింపుకు పునాది భాష. ఒకే భాషవాళ్ళు ఒక జాతి, ఒక రాష్ట్రం. ఆంధ్ర రాష్ట్రం అలాగే పుట్టింది, 1953 అక్టోబరు 1న. తెలుగు కోసం ఒక మనిషి ప్రాణం పోయింది, పొట్టి శ్రీరాములు గారిది. సరిగ్గా తర్వాతి ఏడు, 1954 జూన్ 13న యానాంలో మన మూడురంగుల జెండా ఎగిరింది. దడాల రఫేల్ రమణయ్య గారు ముందుండి నడిపించారు, ఫరంపేట మనిషి. అప్పటికి మా ఊరి చుట్టూ ఉన్నది కొత్తగా పుట్టిన తెలుగు రాష్ట్రమే. ఆ రాష్ట్రంలో కలవడం కన్నా తేలిక ఏముంది?

చందర్‌నగర్ సంగతి చూడండి. అదీ ఫ్రెంచివాళ్ళదే, కలకత్తా పక్కన. అక్కడివాళ్ళు బెంగాలీలు. 1954 అక్టోబరు 2న పశ్చిమ బెంగాల్లో కలిసిపోయింది. ఇవాళ అది బెంగాల్లో ఒక పట్నం. యానాం, మాహే మాత్రం కలవలేదు. 1954 అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటేస్తే, 170 మంది భారతదేశంలో చేరాలన్నారు. నవంబరు 1న పాలన మారింది. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలు. ఆ ఏడు నవంబరులోనే దేశమంతా భాషల వారీగా రాష్ట్రాలు గీసుకుంటోంది. మా నాలుగు ముక్కల్ని మాత్రం, తమిళం మాట్లాడే పుదుచ్చేరి, కారైకాల్, మలయాళం మాట్లాడే మాహే, తెలుగు మాట్లాడే మేము, ఒక్క మూటలో కట్టారు. మూటకి తాడు ఏమిటయ్యా అంటే, ఒకప్పుడు ఫ్రెంచివాడు మమ్మల్ని ఏలడం. ఇంకేమీ లేదు. పుదుచ్చేరి నుంచి మాకు 800 కిలోమీటర్ల పైనే. మధ్యలో ఎన్ని జిల్లాలో మీరే లెక్క వేసుకోండి.

ఆ ఒప్పందంలో భాష గురించి ఒక అధికరణం ఉంది, 28వది. ఎన్నికైన ప్రతినిధులు వేరే విధంగా నిర్ణయించేదాకా ఫ్రెంచే అధికార భాష అని దాని సారం. ఫ్రెంచివాడు పోతూ పోతూ అడిగింది అదే. 1962 ఆగస్టు 16న ఒప్పందం పూర్తిగా అమల్లోకి వచ్చింది. 1963 జూలై 1న కేంద్రపాలిత ప్రాంతం. 1965లో అధికార భాషల చట్టం వచ్చింది. ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు సంగతికొచ్చాను.

ఆ చట్టం ఏమంటుందంటే, ఈ ప్రాంతంలో అధికార వ్యవహారాలకు తమిళం. దాని కిందే ఒక మినహాయింపు ఉంటుంది. చట్టాలు తెలుగులోకి దించేవాళ్ళు అలాంటి మినహాయింపుని 'అయితే' అని మొదలుపెడతారు. అయితే, మాహేలో మలయాళం, యానాంలో తెలుగు వాడవచ్చునని ప్రభుత్వం ఆదేశించవచ్చు. ఇంగ్లీషు కూడా వాడుకోవచ్చు.

తెలుగు మాస్టారుగా నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు అవ్యయాలు చెప్పాను. అయితే అనే మాట ఎంత చిన్నదో అంత ఘటికురాలు. ఎదురుగా ఉన్న పెద్ద వాక్యాన్ని ఆపగలదు. ఆపే మనిషి లేకపోతే పక్కన ఊరికే కూచోనూ గలదు. మాకు తెలుగు ఆ అయితేలో దొరికింది. వాడాలి అని లేదు, వాడవచ్చు అనుంది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఇది బాగా వినండి, విద్యార్థులు ముఖ్యంగా. ఆ హక్కు తెలుగువాడికిచ్చింది కాదు, యానాం నేలకిచ్చింది. 2011 జనాభా లెక్కల్లో పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం మొత్తం 12 లక్షల 48 వేలు. నూటికి 88 మంది తమిళులు. తెలుగు మాట్లాడేవాళ్ళు ఇంచుమించు ఆరుగురు, మలయాళం నలుగురు. తెలుగువాళ్ళు 74 వేల దాకా తేలతారు. యానాం జనాభా మొత్తం కలిపి 55 వేలు. అంటే కనీసం పద్దెనిమిది వేల పైగా తెలుగువాళ్ళు యానాం బయట, పుదుచ్చేరి, కారైకాల్ వైపు ఉన్నట్టు. వాళ్ళకి ఈ అయితే వర్తించదు. ఒకే గొడుగు కింద ఉన్న ఒకే భాష మనుషులు, ఊరు మారగానే హక్కు మారుతుంది. యానాం అమ్మాయిని పుదుచ్చేరి తెలుగింటికిచ్చి పెళ్ళి చేశారనుకోండి, యానాంలో తెలుగులో అర్జీ పెట్టుకున్న పిల్లకి అక్కడ ఈ అయితే అండ ఉండదు. బెల్జియంలోనూ 1962లో చట్టంతో గీత గీసి, ఈ పక్క డచ్చి, ఆ పక్క ఫ్రెంచి అన్నారు. ఆ గీత చుట్టూ ఆ దేశం ఎంత కొట్టుకుందో చదివితే మనవే నయం అనిపిస్తుంది. హోసూరు వైపు చూడండి. తరతరాలుగా అక్కడున్న తెలుగువాళ్ళకు మాలా గీత లేదు, అయితే లేదు. 2006లో తమిళనాడు చట్టం వచ్చి ఒకటి నుంచి పది దాకా తమిళం తప్పనిసరి చేస్తే, మినహాయింపు కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సొచ్చింది. మాకు ఫ్రెంచివాడి పుణ్యమా అని నేల మీద హక్కుంది. ఫ్రెంచివాడు ఉంచుకోకపోయుంటే అది కూడా అక్కర్లేదు, మీలో ఒకళ్ళుగా ఉండేవాళ్ళం.

మరి ఆ హక్కుతో మేమేం చేశాం? నిజం చెప్పుకుందాం. పెద్దగా ఏమీ చెయ్యలేదు.

శాసనసభలో ముప్పై మంది ఎన్నికైన సభ్యులు, అందులో యానాం నుంచి ఒక్కరు. సభలో ఎక్కువ వినపడేది తమిళం. ఉత్తర్వులు ఇంగ్లీషులోనో తమిళంలోనో వస్తాయి. అప్పీలుకు పోవాలంటే మద్రాసు హైకోర్టు. పై ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు చాలామంది పుదుచ్చేరి నుంచి బదిలీ మీద వస్తారు, ఎప్పుడు తిరుగు బస్సెక్కుదామా అని రోజులు లెక్కపెడతారు. వాళ్ళ తప్పేం లేదు, ఇల్లు 800 కిలోమీటర్ల అవతలుంటే ఎవరైనా లెక్కపెడతారు. వాళ్ళు మాతో ఇంగ్లీషులో మాట్లాడతారు. మేం వాళ్ళతో వచ్చీరాని తమిళంలో మాట్లాడతాం, గౌరవంగా ఉంటుందని. తమిళంలో వణక్కం సార్ అంటే పని కొంచెం తొందరగా అవుతుందని ఒక నమ్మకం. నేనూ అన్నాను. అనలేదని చెబితే మా ఊరివాళ్ళెవరైనా ఉంటే పట్టేసుకుంటారు. (నవ్వులు)

బడి సంగతి. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో మా పదో తరగతి పిల్లలు ఆంధ్రప్రదేశ్ బోర్డు పరీక్షే రాసేవారు. మాహే పిల్లలు కేరళది, పుదుచ్చేరి, కారైకాల్ పిల్లలు తమిళనాడుది. ఒక ప్రభుత్వం, మూడు రాష్ట్రాల పుస్తకాలు. నవ్వులాటకు చెప్పడం లేదు, అది మంచి ఏర్పాటు. పిల్లవాడు తన భాషలో, పక్కవాళ్ళతో సమానంగా చదువుకోగలిగాడు. లోటు ఒక్కటే. మా పిల్లాడి సాంఘిక శాస్త్రంలో వాడి ఊరు లేదు. గవర్నరు, ముఖ్యమంత్రి, జిల్లాలు, అసెంబ్లీ స్థానాలు అన్నీ ఆంధ్రవి చదువుకుని మార్కులు తెచ్చుకునేవాడు. ఒక కుర్రాడు నన్నడిగాడు, "మాస్టారూ, మన ముఖ్యమంత్రి ఎవరని పరీక్షలో వస్తే, మనాయన పేరు రాయాలా, పుస్తకంలో ఆయన పేరు రాయాలా?" అని. పుస్తకంలో ఆయన పేరే రాయి నాయనా, మార్కు కావాలిగా అన్నాను. ఇప్పటికీ ఆ జవాబు సరైందో కాదో నాకు తెలీదు. ఈ మధ్య ప్రభుత్వ బడులు సీబీఎస్ఈకి మారాయి. మొత్తానికి ఇంగ్లీషు గట్టిపడింది. అమ్మానాన్నలు అడిగి మరీ తెచ్చుకున్నారు. వాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాదు, నా మనవలూ ఇంగ్లీషు మీడియమే.

మరి మా గుర్తింపు దేనిలో ఉందంటారా? నివాస ధ్రువపత్రంలో ఉంది. ఇంజనీరింగు, మెడిసిన్ సీట్లలో యానాం ప్రాంతానికి వేరే వాటా ఉంటుంది. ఆ సీటు కావాలంటే యానాంవాడినని రుజువు కావాలి. భాష అడగరు. అడిగితే మీరూ నిలబడతారు కదా వరసలో. మా వీధి చివర కాలవ దాటితే ఆంధ్ర. అటు ఇంటివాళ్ళతో మాకు వియ్యాలున్నాయి, ఒకే చెరువు గట్టున ఆడుకున్న పిల్లలున్నారు. ఆ పిల్లకి ఆ సీటు లేదు, ఈ పిల్లకి ఉంది. ఒకే యాస, ఒకే ఆవకాయ. భాష మమ్మల్ని మీతో కలుపుతూ ఉంటుంది, కాగితం విడదీస్తూ ఉంటుంది. పొట్టకూటి దగ్గర కాగితమే గెలుస్తుంది. అందుకే యానాంని ఆంధ్రలో కలపాలని ఎవరన్నా అంటే మా ఊరివాళ్ళు తెలుగు మీద ప్రేమ లేకనే వద్దంటున్నారని అనుకోకండి. ఆ తెలుగులోనే వద్దంటారు, చాలా చక్కటి గోదారి తెలుగులో. (నవ్వులు)

ఇదంతా చూసి నేను పదవీ విరమణ అయ్యాక ఒక చిన్న పని మొదలుపెట్టాను. అర్జీలు రాసిపెడతాను. వితంతు పింఛనని, రేషన్ కార్డని, ఇంటి పట్టా అని మా వీధివాళ్ళు వస్తారు. పూర్వం ఇంగ్లీషులో రాసేవాణ్ణి. ఆ రాడ్జౌ గొడవ తర్వాత తెలుగులోనే రాస్తున్నాను. అయితే ఉంది కదా, ఎవరో ఒకరు దాన్ని కదపాలి. మొదట్లో జనమే ఒప్పుకోలేదు. ఒక ముసలమ్మ గారు "ఇంగ్లీషులో రాయండి బాబూ, తెలుగులో రాస్తే బీదవాళ్ళదనుకుంటారు" అంది. ఆవిడ బీదదే. అయినా ఆవిడ బాధ నాకర్థమైంది. తెలుగులో రాసి, మీరే చదివి చూడండమ్మా, నేనేమన్నా తప్పు రాశానేమో అన్నాను. ఆవిడకు కొద్దిగా చదువొచ్చు. వేలు పెట్టి చదువుకుంది. మూడో వరసలో ఆగి, "మా ఆయన పోయింది కార్తీకంలో కాదండీ, మార్గశిరంలో" అంది. నేను రాసిన తేదీ తప్పు. ఇంగ్లీషులో రాసుంటే ఆ తప్పు అలాగే వెళ్ళిపోయేది.

దిద్ది, ఆ అర్జీ పట్టుకుని నేనే వెళ్ళాను. సెక్షన్‌లో కూచున్నాయన కారైకాల్ మనిషి, తమిళుడు. నాలుగైదేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. ఇంగ్లీషులో తెమ్మంటాడనే అనుకున్నాను. చట్టం నకలు కూడా జేబులో పెట్టుకెళ్ళాను, దెబ్బలాడదామని. ఆయన కాగితం తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, పైకి చదవడం మొదలుపెట్టాడు. మెల్లగా, ఒక్కొక్క అక్షరం. బస్సుల మీద బోర్డులు, గోడల మీద సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నానని తర్వాత చెప్పాడు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, వేలు పెట్టి, "సార్, పెళ్ళిలో ఇది ళ కదా, మీరు ల రాశారు" అన్నాడు.

ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన మాస్టారునండి. పెల్లి అని రాశాను, కంగారులో. మా పిల్లలకి ళ పలకదు, నాకు రాయడం తప్పింది. ఆయన తమిళుడు, ళ ఆయన నాలిక మీద ఉంది. పెన్ను తీసి నాకిచ్చాడు. దిద్దాను. జేబులో చట్టం జేబులోనే ఉండిపోయింది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలుంటే ఒకటి రెండు తీసుకుంటాను, చివరి బస్సుకి ఇంకా టైముంది.

(సభలోంచి ఒక విద్యార్థిని: "మీ తాతగారి పేరు ఇప్పుడు మీ కాగితాల్లో ఎలా ఉందండి?")

రెండు రకాలుగానూ ఉందమ్మా. అఫిడవిట్ అలాగే రాయించారు. ఓ, యూతో ఒకటి, అలియాస్ అని పెట్టి ఒక్క యూతో ఒకటి. తెలుగులో కూడా రాస్తారా అని అడిగాను. "రాయొచ్చండి, కాని ఫారంలో గడి లేదు" అన్నారు.